ఏలూరు వెళ్లొచ్చే పాత కారు.. తిరుమల కొండ ఎక్కగలదా?

* దూర ప్రయాణానికి మూడు వారాల ముందు నుంచే సన్నాహం అవసరం
* ప్రాణానికి సంబంధించిన మరమ్మతులు ముందు.. సౌకర్యాలు చివర

పెదవేగి: పామాయిల్ తోటలు, మొక్కజొన్న చేల నడుమనున్న ఈ మండలంలోని పల్లెల్లో కారు ఇప్పుడు వింత వస్తువు కాదు. అయితే రైతుల ఇళ్ల ముందు కనిపించే కార్లలో పదేళ్లు, పదిహేనేళ్లు దాటినవీ, ఇద్దరు ముగ్గురు యజమానుల చేతులు మారినవీ ఉన్నాయి. వారానికి ఒకటి రెండు సార్లు ఏలూరు బజారుకో, ఆసుపత్రికో వెళ్లి రావడం, మిగిలిన రోజుల్లో రేకుల షెడ్డు కింద ఉండిపోవడం వాటి దినచర్య. ఏడాదికి ఒకసారి మాత్రం అదే కారులో కుటుంబమంతా తిరుపతికో, శ్రీశైలానికో, శబరిమలకో, హైదరాబాదులోని పిల్లల ఇంటికో బయలుదేరడం పరిపాటి. 'బాగానే తిరుగుతున్న బండి కదా' అన్న ధీమా అక్కడే చిక్కులు తెచ్చిపెడుతుంది.

పెదవేగి నుంచి ఏలూరు 15 కిలోమీటర్ల లోపే. ఇంజిన్ పూర్తిగా వేడెక్కే సరికి ఊరు వచ్చేస్తుంది. తిరుపతి అలా కాదు. దాదాపు 450 కిలోమీటర్ల దూరం. జాతీయ రహదారిపై గంటల తరబడి 80 కిలోమీటర్ల వేగం, నిండా మనుషులు, డిక్కీ నిండా సామాను, ఆపైన ఘాట్ రోడ్డు. సగం పూడుకుపోయిన రేడియేటర్, గట్టిపడిన టైరు, నీరు చేరిన బ్రేకు ఆయిల్ ఏలూరు ప్రయాణంలో బయటపడవు. గంటల కొద్దీ వేడి, బరువు కలిసి వచ్చినప్పుడే బయటపడతాయి. దగ్గరి ప్రయాణం దాచిపెట్టిన లోపాన్ని దూర ప్రయాణం నడిరోడ్డుపై చూపిస్తుంది. అందుకే పాత కారు యజమానులు 'ఇప్పుడు నడుస్తోందా' అన్నది కాక, 'ఆరు గంటలు ఆగకుండా నడవగలదా' అన్నది చూసుకోవాలి.

ఖర్చుకు ఒక వరుస

పాత కారుపై పెట్టగలిగే సొమ్ముకు పరిమితి ఉంటుంది. ప్రయాణం అనగానే కొందరు సీటు కవర్లు, పాటల పెట్టె, కొత్త హారన్లపై డబ్బు పెట్టి, టైర్ల దగ్గరికి వచ్చేసరికి 'ఈసారికి ఇవే నడుస్తాయిలే' అని సరిపెట్టుకుంటారు. ఈ వరుస తలకిందులు కావాలి. కారులోని లోపాలను మూడు భాగాలుగా విడదీసుకుంటే నిర్ణయం తేలికవుతుంది.

మొదటివి ప్రాణాలకు ముప్పు తెచ్చేవి. టైర్లు, బ్రేకులు, స్టీరింగ్, దీపాలు, పెట్రోలు లీకులు ఈ కోవలోకి వస్తాయి. రెండోవి దారిలో ఆపేసేవి. రేడియేటర్, బెల్టులు, బ్యాటరీ, క్లచ్, ఫిల్టర్లు వీటిలోకి చేరతాయి. మూడోవి ఇబ్బంది మాత్రమే పెట్టేవి. ఏసీ, అద్దాల హ్యాండిళ్లు, పాటలు, రంగు ఇందులోవి. మొదటి భాగంలో ఒక్కటి బాగోకపోయినా ప్రయాణం వాయిదా వేసుకోవాలి. రెండో భాగం పూర్తి కానిదే మూడోదాని జోలికి పోరాదు.

టైరు వయసు టైరే చెబుతుంది

పల్లెలో తక్కువ తిరిగే కారు టైర్లకు గాళ్లు బాగానే కనిపిస్తాయి. అంతమాత్రాన అవి మంచివని కాదు. రబ్బరు వాడకపోయినా ఎండకు, గాలికి గట్టిపడి పగుళ్లిస్తుంది. టైరు పక్కభాగాన చిన్న గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఐదారేళ్లు దాటిన టైరును నిపుణుడికి చూపించాలి. పక్కభాగాన పగుళ్లు, ఉబ్బులు ఉంటే వయసుతో నిమిత్తం లేకుండా మార్చాలి. గాళ్ల అడుగున అడ్డంగా చిన్న మిట్టలు ఉంటాయి. అవి పైకి తేలాయంటే గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గిందని, టైరు పని అయిపోయిందని లెక్క.

గాలి తక్కువైన టైరే వేసవిలో ఎక్కువగా పేలుతుంది. గాలి తక్కువైతే టైరు పక్కలు ప్రతి చుట్టుకూ నలుగుతాయి. ఆ నలుగుడుకు వేడి పుడుతుంది. వేడికి లోపలి పొరలు విడిపోతాయి. ఎండకు టైరు పేలుతుందన్న భయంతో గాలి తగ్గించడం అందుకే ప్రమాదకరం. కారు తలుపు పక్కన అంటించిన పట్టీలో ఖాళీ బండికి, నిండు బండికి వేర్వేరు అంకెలు ఇస్తారు. కుటుంబమంతా ఎక్కుతున్నప్పుడు నిండు బండి అంకెనే పాటించాలి. టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. స్టెప్నీని మరచిపోవడం అందరూ చేసే పొరపాటు. ఏళ్ల తరబడి డిక్కీలో పడి ఉన్న స్టెప్నీలో గాలి ఉందో లేదో ఇంటి దగ్గరే తేల్చుకోవాలి.

బ్రేకు ఆయిల్‌లో నీరు

బ్రేకు ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. కొల్లేటి గాలి తగిలే మన ప్రాంతంలో ఈ సంగతి గుర్తుంచుకోవాలి. నీరు చేరిన కొద్దీ ఆయిల్ మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. మైదానంలో తేడా తెలియదు. ఘాట్ దిగేటప్పుడు ఎడతెగకుండా బ్రేకు తొక్కితే చక్రాల వద్ద పుట్టిన వేడికి ఆయిల్ మరిగి బుడగలు కడుతుంది. అప్పుడు పెడల్ మెత్తగా కిందిదాకా పోతుంది, బండి ఆగదు. రెండేళ్లకు ఒకసారి బ్రేకు ఆయిల్ పూర్తిగా మార్చాలన్న నియమం ఇందుకే. ముందు చక్రాల ప్యాడ్లు, వెనుక చక్రాల షూలు, గొట్టాలు, హ్యాండ్ బ్రేకు ఒకే రోజు విప్పించి చూపించుకోవాలి. స్టీరింగ్ పట్టుకుంటే బండి ఒక పక్కకు లాగుతున్నా, 60 వేగం దాటాక వణుకుతున్నా టై రాడ్ చివరలు, వీల్ బేరింగులు, అలైన్‌మెంట్ పరీక్షించాలి.

ఏబీఎస్ బ్రేకులు దేశంలో అన్ని కొత్త కార్లకు 2019 ఏప్రిల్ నుంచి, డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ 2019 జులై నుంచి తప్పనిసరి అయ్యాయి. అంతకు ముందు తయారైన చాలా కార్లలో ఇవి లేవు. పక్కన పోతున్న కొత్త కారు ఆగినంత తొందరగా మన కారు ఆగదన్న ఎరుకతో ముందు బండికి ఎక్కువ ఎడం పాటించడం ఒక్కటే దీనికి విరుగుడు.

బోరు నీటితో రేడియేటర్‌కు చేటు

పాత కార్లు దారిలో ఆగడానికి ముఖ్యమైన కారణాల్లో ఇంజిన్ మరగడం ఒకటి. రేడియేటర్‌లో ఏళ్ల తరబడి బోరు నీరు పోయడం దీనికి ఒక మూలం. కొల్లేరు చుట్టుపక్కల ఉప్పు నీరు, మెట్టలో గార కట్టే నీరు. రెండూ రేడియేటర్‌లోని సన్నని గొట్టాలను పూడ్చేస్తాయి, లోహాన్ని తినేస్తాయి. రేడియేటర్‌ను శుభ్రం చేయించి, కంపెనీ సూచించిన కూలెంట్‌ను శుద్ధి చేసిన నీటితో కలిపి నింపాలి. కూలెంట్ తుప్పును అడ్డుకోవడమే కాక మరిగే ఉష్ణోగ్రతను పెంచుతుంది. రేడియేటర్ మూత కూడా అంతే ముఖ్యం. లోపల ఒత్తిడిని పట్టి ఉంచేది అదే. మూత రబ్బరు చెడితే నీరు ముందే మరుగుతుంది.

ఫ్యాన్ తిరుగుతోందా, థర్మోస్టాట్ తెరుచుకుంటోందా, పంపు దగ్గర తడి ఉందా అన్నవి చూడాలి. థర్మోస్టాట్ తీసేస్తే బండి చల్లగా ఉంటుందనుకోవడం పొరపాటు. హోస్ పైపులను చేత్తో నొక్కితే పగుళ్లు కనిపించినా, పిండిలా మెత్తబడినా మార్చాలి. టైమింగ్ బెల్టు ఉన్న కార్లలో అది తెగితే ఇంజిన్ ఉన్నపళంగా ఆగిపోతుంది, కొన్నింట్లో వాల్వులు వంగిపోతాయి. ఎన్ని కిలోమీటర్లకు, ఎన్నేళ్లకు మార్చాలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. పాత యజమాని ఎప్పుడు మార్చాడో తెలియకపోతే మార్చలేదనే భావించాలి.

ఇంజిన్ ఆయిల్ విషయంలోనూ తక్కువ తిరిగిన బండి అన్న భరోసా పనికిరాదు. దగ్గరి ప్రయాణాల్లో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు గనుక లోపల చేరిన తేమ ఆవిరై పోదు, ఆయిల్ పాడవుతుంది. కిలోమీటర్లు నిండకపోయినా ఏడాదికి ఒకసారి ఆయిల్, ఫిల్టర్ మార్చాలి.

బంకుల్లో పెట్రోలు మారింది

దేశవ్యాప్తంగా బంకుల్లో అమ్మే పెట్రోలులో 2025 నాటికి 20 శాతం ఇథనాల్ కలిసింది. పాత కార్లు ఈ ఇంధనాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైనవి కావు. ఇంధనానికి తగినట్లు రూపొందని కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన ప్రణాళిక పత్రమే పేర్కొంది. కొన్ని పాత వాహనాల్లో రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని కేంద్రం కూడా 2025లో తెలిపింది.

భయపడి ప్రయాణం మానుకోవాల్సిన పని లేదు. ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా ఉన్న రబ్బరు పైపులు, క్లిప్పులు చూపించుకుని గట్టిపడినవి మార్చాలి. ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి కదిలి ఫిల్టర్‌కు అడ్డుపడే అవకాశం ఉంది కనుక కొత్త ఫిల్టర్ వేయించి, మరొకటి వెంట ఉంచుకోవాలి. నెలల తరబడి ట్యాంకులో నిలిచిన పెట్రోలుతో బయలుదేరరాదు. కారులో పెట్రోలు వాసన వస్తే దాన్ని చిన్న విషయంగా తీసుకోరాదు. సీఎన్‌జీ కిట్ ఉన్నవారు సిలిండర్‌కు మూడేళ్లకోసారి జరగాల్సిన ఒత్తిడి పరీక్ష గడువు చూసుకోవాలి.

ఎలుకలు కొరికిన వైర్లు

ధాన్యం బస్తాల పక్కన, గడ్డివాముల దగ్గర నిలిపిన కారు బానెట్ కింద ఎలుకలు గూళ్లు కడతాయి. వైర్ల పైతొడుగు కొరికేస్తాయి. రాగి తీగ బయటపడిన చోట నిప్పురవ్వ పుడితే మంటలు లేవడానికి క్షణం పట్టదు. బయలుదేరే ముందు బానెట్ ఎత్తి, మూలమూలలా చూడాలి. అదనపు దీపాలు, పెద్ద హారన్లకు విడిగా రిలే, ఫ్యూజ్ ఉండాలి. ఫ్యూజ్ పోయినప్పుడు దాని స్థానంలో సిగరెట్ పెట్టెలోని వెండి కాగితమో, తీగ ముక్కో చుట్టడం అగ్గిని ఆహ్వానించడమే.

బ్యాటరీ మూడు నాలుగేళ్లు దాటితే పరీక్ష చేయించాలి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వద్ద 13.5 నుంచి 14.5 వోల్టుల దాకా ఉంటే ఛార్జింగ్ సరిగా ఉన్నట్లు. పాతబడి మసకబారిన హెడ్‌లైట్లతో రాత్రి ప్రయాణం పెట్టుకోరాదు. రహదారి పక్కన దీపాలు లేకుండా నిలిపి ఉంచిన లారీలను రాత్రివేళ ఢీకొనడం మన రహదారులపై తరచూ వినే వార్తే.

వరదలో మునిగిన కారేమో!

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచెత్తినప్పుడు వేలాది వాహనాలు నీట మునిగాయి. ఆ తర్వాత పాత కారు కొన్నవారు దాని చరిత్ర ఆరా తీయడం మంచిది. సీటు బెల్టును చివరిదాకా లాగితే బురద మరకలు కనిపించడం, తివాచీ కింద వాసన, సీటు బోల్టులకు తుప్పు ఇందుకు గుర్తులు. నీట మునిగిన కారులో వైర్ల జాయింట్లు, బేరింగులు నెలల తర్వాత మొరాయిస్తాయి.

చేపల చెరువుల గట్ల మీద తిరిగే కార్లకు అడుగుభాగాన తుప్పు ముప్పు ఉంటుంది. బండిని పైకి లేపించి ఛాసిస్, సైలెన్సర్, బ్రేకు గొట్టాలు చూపించుకోవాలి. వర్షాకాలంలో దారి సంగతి కూడా ముందే కనుక్కోవాలి. 2023 జులైలోనూ, 2024 సెప్టెంబరులోనూ మునేరు పొంగి నందిగామ సమీపంలోని ఐతవరం వద్ద హైదరాబాద్ జాతీయ రహదారిపై రాకపోకలు నిలిచిపోయాయి. నీరు పారుతున్న రోడ్డుపై పాత కారును దింపితే గాలి గొట్టం ద్వారా నీరు ఇంజిన్‌లోకి చేరి, మరమ్మతు ఖర్చు కారు ధరను మించవచ్చు.

ఘాట్‌లో ఎక్కడం.. దిగడం

తిరుమలకు 1944లో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండోది వచ్చాయి. ఇప్పుడు రెండో రోడ్డున ఎక్కి, మొదటి రోడ్డున దిగుతున్నారు. వేసవిలో ఎక్కే దారిలో కార్లు మరిగి ఆగిపోవడం, కొన్ని మంటల్లో చిక్కుకోవడం జరిగింది. రాత్రంతా నడిచి వచ్చిన బండిని వెంటనే కొండకు ఎక్కించకుండా తిరుపతిలో అరగంటైనా ఆపి చల్లారనివ్వాలి. ఎక్కేటప్పుడు ఏసీ కట్టేసి, తక్కువ గేరులో నిదానంగా వెళ్లాలి. వేడి ముల్లు ఎర్రగీత వైపు కదిలితే సురక్షితమైన చోట ఆపాలి. మరిగిన రేడియేటర్ మూతను అప్పటికప్పుడు తీయడం అత్యంత ప్రమాదకరం. ఒత్తిడితో ఎగజిమ్మే ఆవిరి ముఖాన్ని కాల్చేస్తుంది.

దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలన్నది పాత డ్రైవర్ల మాట. ఇంజిన్ పట్టు వల్ల బ్రేకులపై భారం తగ్గుతుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లోనో, ఇంజిన్ ఆపేసో దిగడం ప్రాణాంతకం. ఇంజిన్ ఆగితే బ్రేకుకు సాయపడే వ్యాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుంది. తాళం చెవి తీస్తే స్టీరింగ్ బిగుసుకుంటుంది. శ్రీశైలం వెళ్లేవారికి మరో లెక్క ఉంది. దోర్నాల వద్ద అటవీ గేట్లు రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు మూసి ఉంటాయి. గేటు పడేలోగా చేరాలన్న తొందరలో ఘాట్‌లో వేగం పెంచే బదులు ఉదయాన్నే అక్కడికి చేరేలా బయలుదేరడం మేలు.

కాగితాల గడువు

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి పునరుద్ధరించుకోవాలి. ఇందుకు గతంలో రూ.600 ఉన్న రుసుమును 2022 ఏప్రిల్ 1 నుంచి రూ.5 వేలకు పెంచారు. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో రూ.10 వేలు చేశారు. గడువు తీరిన ఆర్‌సీతో ప్రమాదానికి గురైతే బీమా సొమ్ము కోసం తిప్పలు తప్పవు. బీమా, కాలుష్య ధ్రువపత్రం, డ్రైవింగ్ లైసెన్సు తేదీలు చూసుకోవాలి. పత్రాలను డిజిలాకర్‌లో చూపినా చెల్లుతాయి. ఫాస్టాగ్ 2021 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి. కలపర్రు టోల్‌ప్లాజా చేరేలోగా అందులో సొమ్ము ఉందో లేదో చూడాలి. చేతులు మారిన కారుకు ఫాస్టాగ్ పాత యజమాని పేరిటే ఉంటే మార్పించుకోవాలి.

ముందు చిన్నవెంకన్న దర్శనం

మరమ్మతులన్నీ ముందు రోజు చేయించి తెల్లవారుజామున బయలుదేరడం మరో పొరపాటు. కొత్తగా బిగించిన భాగంలో లోపం ఉంటే అది మొదటి వంద, నూటయాభై కిలోమీటర్లలోనే బయటపడే అవకాశం ఎక్కువ. మూడు వారాల ముందే షెడ్డుకు ఇచ్చి, వారం ముందు పరీక్షా ప్రయాణం చేయాలి. ఇందుకు ద్వారకా తిరుమల అనువైన చోటు. ఏలూరు మీదుగా జాతీయ రహదారిపై భీమడోలు దాకా వేగంగా నడిపి, అక్కడి నుంచి కొండకు చేరితే రహదారి వేగం, చిన్నపాటి ఎక్కుడు రెండూ పరీక్షకు వస్తాయి. ప్రయాణంలో ఎందరు వెళ్తారో అందరినీ ఎక్కించుకునే వెళ్లాలి. తిరిగి రాగానే బండి కింద ఆయిల్ చుక్కలు, చక్రాల వద్ద వేడి, కూలెంట్ మట్టం చూసుకోవాలి. ఒక చక్రం మిగతావాటి కంటే బాగా వేడిగా ఉంటే బ్రేకు పట్టేసినట్లే. మర్నాడు ఉదయం కూలెంట్ తగ్గితే లీకు ఉన్నట్లే.

దూరం వెళ్లే కొద్దీ పాత కార్ల విడిభాగాలు దొరకడం కష్టమని గుర్తించాలి. మారుతి 800 తయారీ 2014 జనవరిలో, అంబాసిడర్ తయారీ అదే ఏడాది మే నెలలో నిలిచిపోయాయి. ఇలాంటి బండ్లకు విజయవాడ ఆటోనగర్‌లో దొరికిన వస్తువు చిన్న ఊళ్లలో దొరకకపోవచ్చు. బెల్టు, క్లచ్ కేబుల్ వంటివి ముందే కొని ఉంచుకోవాలి.

డిక్కీలో ఉండాల్సినవి

* గాలి నింపిన స్టెప్నీ, జాకీ, వీల్ పానా, జాకీ కింద వేసే చెక్క ముక్క
* ఫ్యాన్ బెల్టు, ఫ్యూజులు, పెట్రోలు ఫిల్టర్, హోస్ క్లిప్పులు
* ఐదు లీటర్ల మంచినీరు, లీటరు ఇంజిన్ ఆయిల్
* ఎర్రని హెచ్చరిక త్రికోణం, టార్చిలైటు, చిన్న అగ్నిమాపక సిలిండర్
* ప్రథమ చికిత్స పెట్టె, పెద్దల మందులు, రాసి ఉంచిన ఫోన్ నంబర్లు

దారిలో ఆగిపోతే

రహదారిపై బండి మొరాయిస్తే కొంత దూరమైనా ఎడమ అంచు దాటించి ఆపాలి. నాలుగు ఇండికేటర్లు వెలిగించి, హెచ్చరిక త్రికోణాన్ని వెనుక 50 మీటర్లకు తగ్గకుండా పెట్టాలి. ముందుగా పిల్లలను, పెద్దలను దించి రోడ్డుకు దూరంగా కంచె అవతల కూర్చోబెట్టాలి. ఆగిన కారులో కూర్చోవడం, దాని వెనుక నిలబడి మరమ్మతు చేయడం ప్రమాదకరం. జాతీయ రహదారులపై సాయానికి 1033, అంబులెన్సుకు 108, పోలీసులకు 112 నంబర్లకు ఫోన్ చేయవచ్చు.

నలుగురు పట్టే కారులో ఏడుగురిని ఎక్కించి, పైన క్యారియర్‌పై బియ్యం బస్తాలు, మామిడి బుట్టలు కట్టడం మానుకోవాలి. అదనపు బరువు టైర్లనూ, బ్రేకులనూ, ఇంజిన్‌నూ ఒకేసారి దెబ్బతీస్తుంది. మరమ్మతులు చేయించినా పరీక్షా ప్రయాణంలో బ్రేకు మీదో, టైరు మీదో అనుమానం తీరకపోతే ఆ కారును ఏలూరులో వదిలి రైలెక్కడం చిన్నతనమేమీ కాదు. విజయవాడ మీదుగా తిరుపతికి, హైదరాబాదుకు ఏలూరు స్టేషన్ నుంచి రైళ్లు ఉన్నాయి. జాగ్రత్తగా చూసుకున్న పాత కారు మాత్రం కుటుంబాన్ని క్షేమంగా తీసుకెళ్లి తీసుకురాగలదు. అందుకు కావలసింది మూడు వారాల వ్యవధి, ఖర్చుకు సరైన వరుస, రోడ్డు మీద కాస్త నిదానం.